పాడైన వస్తువు కావలెను

“ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదా?”

మనవరాలు వేసిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది. తాతగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

“ఎందుకు మిగులుస్తానమ్మడూ? ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, మూగనోము పట్టిన ఆ రేడియోతో సహా అన్నీ బాగుచేశాను. తుడిచి, వరసగా సర్ది మరీ వచ్చాను. బయటివాళ్ళు చూడ్డానికి వస్తుంటే గది అలా చిందరవందరగా ఉంటే పరువేం కాను?”

“అది మరమ్మతులు నేర్చుకునే గది తాతయ్యా! పాడైనవి లేకపోతే మేము చేసే పనేంటో ఇవాళ వచ్చే మేడమ్‌కి ఎలా చూపించాలి?”

“బాగైనవి చూపించండి.”

“వాటిని బాగుచేసింది నువ్వు!”

“నేనేమైనా పరాయివాణ్ణా?” అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలికి నవ్వాలో ఏడవాలో తోచలేదు. ఈ ఒక్కరోజు కోసం ఆమె మందుల షాపులో సెలవు పెట్టింది. బస్సు డ్రైవరైన భర్తకు మాత్రం సెలవు దొరకలేదు. తెల్లారకముందే బస్సు తీసుకుని పోతూ, “మా నాన్నని ఇవాళ కనిపెట్టుకుని ఉండు” అని మరీ చెప్పి వెళ్ళాడు. కనిపెట్టుకోవలసింది నిన్న సాయంత్రమని పాపం అతనికి మాత్రం ఏం తెలుసు?

మామగారు కరెంటు మేస్త్రి. పని మానేశాక ఊరికే కూర్చోలేక, వీధి మొదట్లో ఒక గది అద్దెకు తీసుకుని, చదువు సగంలో ఆపి అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటున్న పిల్లలను పోగేసి పని నేర్పడం మొదలుపెట్టారు. వీధిలో ఏది పాడైనా ఆ గదికే చేరేది. అది చూసి, చిన్నచిన్న సంఘాలకు చేయూతనిచ్చే సంస్థవాళ్ళు తమంతట తామే కబురు పెట్టారు. ఏడాదిపాటు గది అద్దె, మంచి పనిముట్లు, పిల్లలకు శిక్షణ ఇస్తారట. ఏమంత పెద్ద సాయం కాదు. కానీ అది రాకపోతే నెలాఖరుకు గది ఖాళీ చేయాల్సిందే. అద్దె కట్టలేకపోతే ఇచ్చేస్తానని ఇంటివాడు అప్పుడే ఇంకెవరికో మాటిచ్చేశాడు.

ఆ సంస్థ పెట్టిన షరతు ఒక్కటే. పని చేసేదీ, నిర్ణయం తీసుకునేదీ కుర్రవాళ్ళే అయి ఉండాలి. పెద్దవాళ్ళు నేర్పవచ్చు, పెత్తనం చేయకూడదు. అందుకే పిల్లలు ఓట్లేసుకుని ఈ ఇంటి అమ్మాయిని ప్రెసిడెంటును చేసుకున్నారు. ఆ రోజు నుంచి వీధి వీధంతా ఆమెను ప్రెసిడెంటు అనే పిలుస్తోంది. పిల్లలు పని చేస్తుండగా చూడ్డానికి సంస్థ మేడమ్ ఈ మధ్యాహ్నమే వస్తోంది.

“నేను చేసింది మీ మంచికే,” అన్నారు మామగారు.

“మా మంచంతా నువ్వే చేసేస్తే మాకు చేయడానికి ఏం మిగులుతుంది తాతయ్యా?”

ఆ మాటకు ఆయన కళ్ళజోడు తుడవడం ఆపేశారు. మనవరాలు కూడా మొహం తిప్పేసుకుంది. అరుస్తున్నంతసేపూ కోడలికి భయం వేయలేదు కానీ, ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చునేసరికి గుండెల్లో రాయి పడింది.

అత్తగారే ఆ మౌనాన్ని తెంచింది. “పోనీ నా మిక్సీ పగలగొట్టుకోండర్రా. ఆ వంకన నాకు కొత్తది వస్తుంది.”

ఎవరూ నవ్వలేదు. ఆవిడ మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి కమిటీ దిగింది. కమిటీ అంటే ప్రెసిడెంటు కాక ముగ్గురు. మొదటిరోజే వీధి మొత్తానికి కరెంటు పోగొట్టిన ఘనుడు ఫ్యూజు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇప్పుడు తల్లిదండ్రులకే గుర్తులేదు. తక్కిన ఇద్దరూ కవలలు. అక్క మాట మొదలుపెడితే చెల్లి పూర్తి చేస్తుంది.

“వీధిలో ఇల్లిల్లూ అడుగుదాం,” అంది కవలల్లో అక్క.

“ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పాడైపోయే ఉంటుంది,” అని పూర్తి చేసింది చెల్లి.

నలుగురూ బయల్దేరారు. మనసు ఊరుకోక కోడలు కూడా చెప్పులేసుకుంది.

పాడైన వస్తువు కోసం ఇంతగా తిరగాల్సి వస్తుందని ఆ వీధిలో ఎవరూ కలగని ఉండరు. మొదటి ఇంటావిడ నొచ్చుకుంది. “మా ఇంట్లో పాడైనవా? పోయిన వారం మీరేగా అన్నీ బాగుచేసి ఇచ్చారు! ఎంత చక్కగా తిరుగుతోందో చూడండి ఫ్యాను,” అని లోపలికి తీసుకెళ్ళి మరీ చూపించింది. రెండో ఇంట్లో గోడగడియారం, మూడో ఇంట్లో నీళ్ళ మోటారు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నాలుగో ఇంటావిడ కాసేపు ఆలోచించింది.

“పని చేయనిది మా ఇంట్లో మా ఆయనొక్కడే. తీసుకెళ్తారా?”

లోపల మంచం మీంచి, “వింటున్నానే!” అన్న కేక వినబడింది.

ఫ్యూజు ఎక్కడి నుంచో విజయగర్వంతో ఒక టార్చిలైటు పట్టుకొచ్చాడు. తీరా చూస్తే దానికున్న లోపమల్లా బ్యాటరీలు లేకపోవడమే.

ఎండలో తిరిగి తిరిగి నలుగురూ గది మెట్ల మీద కూలబడ్డారు. తెరిచి ఉన్న తలుపులోంచి బల్ల మీద వరసగా మిలమిలలాడుతున్న ఫ్యాన్లూ మిక్సీలూ వాళ్ళను వెక్కిరిస్తున్నట్టే ఉన్నాయి.

“మనం చాలా మంచి సంఘం,” అన్నాడు ఫ్యూజు దిగులుగా. “అదే మన కొంప ముంచింది.”

అప్పుడు తట్టింది కోడలికి ఉపాయం. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. చెప్పబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది. సాయం సంగతి తేల్చకముందే సంస్థ పెద్దలకూ పిల్లలకూ కలిపి పోయిన నెల ఒకరోజు శిక్షణ పెట్టింది. పిల్లల్ని ప్రశ్న అడిగిన ప్రతిసారీ మామగారు జవాబు చెప్పేస్తుంటే, అక్కడి టీచరమ్మ విసుక్కోలేక ఆయన్ని మంచినీళ్ళు తెమ్మని పంపింది. పంపిన ప్రతిసారీ ఆయన పరిగెత్తుకొచ్చి మళ్ళీ చెప్పారు. ఆ రోజు కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు తనూ అదే చేయబోయింది కదా! పెదవి కొరుక్కుని మెట్టు మీద కూర్చుంది. ఊరుకోవడం ఇంత కష్టమని ఆమెకు ఇవాళే తెలిసింది.

“ఉండండి,” అంది ప్రెసిడెంటు, మోకాళ్ళ మీంచి తలెత్తి. “బాగుచేసినవాటిని మళ్ళీ పాడుచేయిస్తే?”

“ఎవరితో?” అన్నారు కవలలు, ఈసారి ఇద్దరూ ఒకేసారి.

“ఇంకెవరితో?”

కోడలు హమ్మయ్య అనుకుంది. తను అనుకున్నదీ అదే. కాకపోతే ఇప్పుడది తన ఉపాయం కాదు, కమిటీది.

ఇంటికి వెళ్ళి చెప్తే, మామగారు మాత్రం ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “పాడు చేయాలా? ఈ చేతులతోనా? నా జన్మలో ఒక్క వస్తువు చెడగొట్టి ఎరగను!”

“చెడగొట్టొద్దు తాతయ్యా. ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు దాచిపెట్టు, చాలు. మేము వెతికి పట్టుకుంటాం.”

“మీరా?” ఆయన మొహంలో కోపం కాస్తా జారిపోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. “నేను దాస్తే మీరు పట్టుకోగలరా?”

“పందెం వేసుకుందామా?”

పొద్దున్నించీ వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి నవ్వు. వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది. “అమ్మయ్య! ఈయనగారికి దొంగపని అప్పజెప్పారు. ఇంక ఆకలి కూడా వెయ్యదు.”

ఆవిడన్నదే నిజమైంది. మామగారు గదిలో తలుపేసుకుని, కూనిరాగాలు తీసుకుంటూ పనిలో పడ్డారు. మధ్యలో కోడలు మంచినీళ్ళిస్తానంటే తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటికి పెట్టారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహం, డబ్బాలో బిస్కెట్లు కాజేసిన పిల్లాడి మొహంలా ఉంది.

సంస్థ మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. పొట్టి మనిషి, భుజాన పెద్ద సంచీ, మెత్తని గొంతు. పెద్దవాళ్ళు ముగ్గుర్నీ గోడవార బల్ల మీద కూర్చోమంది. మామగారు, అత్తగారు, కోడలు బడిపిల్లల్లా వరసగా సర్దుకున్నారు.

“మేడమ్, ముందే ఒక మాట చెప్పాలి,” అంది ప్రెసిడెంటు. “మీరు వస్తున్నారని మా తాతయ్య నిన్న సాయంత్రం ఇక్కడున్నవన్నీ బాగుచేసేశారు. వీధంతా తిరిగినా మాకు పాడైనది దొరకలేదు. అందుకని ఆయన చేతే ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు పెట్టించాం. ఏం పెట్టారో మాకు తెలియదు.”

“అలా చేద్దామని ఎవరనుకున్నారు?”

“కమిటీ.”

మేడమ్ గోడవారకు ఒకసారి చూసింది. మామగారు ఏదో అనబోయారు. అత్తగారు ఆయన మోచేతి మీద గిల్లింది.

కవలలు టేబుల్ ఫ్యాను విప్పారు. అక్క వెతికితే చెల్లి పట్టుకుంది. ఫ్యూజు రేడియోతో కుస్తీ పట్టి, మామగారు లోపల అడ్డంగా ఇరికించిన కాగితం ముక్కను బయటికి లాగి జెండాలా ఊపాడు. తప్పు దొరికిన ప్రతిసారీ మామగారు “ఛ!” అనడం, మరుక్షణమే గర్వంగా మీసం దువ్వుకోవడం. ఓడిపోతూ అంత సంబరపడే మనిషిని కోడలు ఎప్పుడూ చూడలేదు.

చివరికి ఇస్త్రీ పెట్టె ప్రెసిడెంటు ముందుకు వచ్చింది. మూత విప్పింది. కాసేపటికే వదులు చేసిన తీగ దొరికింది. బిగించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తలేదు.

“తాతయ్యా, మీరు దీంట్లో పెట్టిన తప్పు ఒకటే కదా?”

“ఒకటే. దానికీ నీకు ఇంతసేపు పట్టింది.”

“రెండున్నాయి.”

ప్రెసిడెంటు పెట్టెను వెలుతురు వైపు తిప్పింది.

“ఈ ఆకుపచ్చ వైరు పెట్టె ఒంటికి బిగించి ఉండాలి,” అంది మేడమ్‌కు చూపిస్తూ. “ఊడి వేలాడుతోంది. ఇది ఊడినా పెట్టె వేడెక్కుతుంది, పని చేస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ లోపల ఎప్పుడైనా కరెంటు లీకైతే ముట్టుకున్నవాళ్ళకి షాకే.”

మామగారు లేచి వచ్చారు. వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశారు. “నిన్న బిగించాననే అనుకున్నాను,” అన్నారు. “ఆ మర మరీ చిన్నది. కంటికి ఆనలేదు కాబోలు.”

ఈ మధ్య ఆయన పేపరు చదవకుండా మడిచి పెట్టేయడం, మెట్టు దిగేటప్పుడు గోడ తడుముకోవడం అన్నీ ఒక్కసారి కోడలి కళ్ళ ముందు కదిలాయి. రోజూ ఎదురుగా ఉన్న మనిషిని చూడనేలేదు కదా అనుకుంది.

“తాతయ్యా,” అంది ప్రెసిడెంటు మెల్లగా. “నిన్న మీరు చేసిన ఇస్త్రీ పెట్టెలు రెండు. రెండోది ఏది?”

“టైలరు పిన్నిది. పొద్దున్నే ఇచ్చేశాను.”

ప్రెసిడెంటు ఆయన వంక చూస్తూ ఆలస్యం చేయలేదు. “ఫ్యూజూ, పరిగెత్తు. ముందు ప్లగ్గు తీసెయ్. తర్వాతే మాట్లాడు.”

ఫ్యూజు ఒక్క ఉరుకున వీధిలో పడ్డాడు. కాసేపటికి ఎదురుకొట్టు నుంచి తిరిగి వచ్చాడు. ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె, వెనకాలే సగం ఇస్త్రీ అయిన చొక్కాతో టైలరు పిన్ని.

“వీడికేమైనా పిచ్చా? పొద్దున్నించీ బంగారంలా పని చేస్తోంది! పలకరించకుండా ప్లగ్గు పీకేసి ఎత్తుకొచ్చాడు!”

ప్రెసిడెంటు మూత విప్పింది. ఇందులోనూ ఆకుపచ్చ వైరు ఊడి వేలాడుతోంది. సంగతి విన్న పిన్ని తన రెండు చేతులనూ అటూ ఇటూ తిప్పి చూసుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది. “నాకేం కాలేదులే మేస్త్రి గారూ,” అంది కాసేపటికి. “నేను గట్టిదాన్ని. కరెంటు కూడా నా జోలికి రాలేదు.”

మామగారు నవ్వలేదు. “క్షమించమ్మా,” అన్నారు. తర్వాత ఎవరి వంకా చూడకుండా గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. కోడలు లేవబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“తాతయ్యా, ఆగండి. సమావేశం అయిపోయిందని నేను చెప్పలేదు.”

ఇంట్లో ‘నువ్వు’ అనే పిల్ల, ఇక్కడ ‘మీరు’ అంటోంది. ఆ ఇంట్లో గానీ ఈ గదిలో గానీ ఆయన్ని ఆగమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. మామగారు ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా నిలబడిపోయారు.

“నేనిక్కడుంటే మీకే నష్టం అమ్మడూ.”

“అది కమిటీ తేల్చాలి. కూర్చోండి.”

ఆయన చెప్పు విడిచి, వచ్చి కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూసి కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. కూతురి మీద గర్వమో, మామగారి మీద జాలో తేల్చుకోలేక రెండూ కలిపి మింగేసింది.

ప్రెసిడెంటు కమిటీ వైపు తిరిగింది. “ఇకమీదట ఈ గదిలో ఎవరు బాగుచేసినా సరే, ఇంకొకరు విప్పి చూశాకే బయటికి వెళ్ళాలి. తాతయ్య చేసినా సరే, నేను చేసినా సరే. నిన్న ఆయన చేసినవన్నీ ఇవాళే విప్పి చూద్దాం. ఇంకోటి. వారానికి ఒకరోజు తాతయ్య తప్పులు దాచాలి, మనం వెతకాలి. ఇందాక నేర్చుకున్నంత నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.”

కవలల చేతులు, ఫ్యూజు చెయ్యి లేచాయి. ఉత్సాహం పట్టలేక టైలరు పిన్ని కూడా ఎత్తింది.

“మీరు కమిటీ కాదు పిన్నీ,” అన్నాడు ఫ్యూజు.

“షాకు తినాల్సినదాన్ని నేను. నాకో ఓటు లేదా?”

మేడమ్ పెదవుల మీద నవ్వు మెరిసి మాయమైంది. “బాగుంది,” అంది. “కానీ నేను వెళ్ళి మావాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ గదిలోంచి ప్రమాదకరమైన వస్తువు ఒకటి బయటికి వెళ్ళింది. అలాంటి గదికి సాయం చేయండని ఏ మొహంతో చెప్పమంటావు?”

కోడలు రెండు పిడికిళ్ళూ బిగించింది. ఆమె ఎదురుచూసినట్టు కూతురు తన వైపు చూడలేదు. తాతగారి వైపూ చూడలేదు.

“మేము చెప్పకపోతే ఆ సంగతి మీకు తెలిసేది కాదు మేడమ్. ఆ పెట్టెలో రెండో తప్పు నేను చూడనట్టు ఊరుకుని మూత వేసేయొచ్చు. అప్పుడు మీరు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేవారు. పిన్ని మాత్రం వైరు ఊడిన తన పెట్టెనే రోజూ పట్టుకునేది.”

మేడమ్ ఉన్నట్టుండి గోడవారకు తిరిగింది.

“మేస్త్రి గారూ, ఈ గది పెట్టింది మీరు. వీళ్ళందరికీ పని నేర్పింది మీరు. పాత మనిషిగా మీరే చెప్పండి. ఈ పిల్లలకి గది అప్పగించొచ్చా? మీరు ఊఁ అంటే నేను రాసుకుంటాను.”

ఇది మామూలు ప్రశ్న కాదనిపించింది కోడలికి. పిల్లల్ని అడిగే ప్రతి ప్రశ్నకూ ముందుగా జవాబిచ్చే మనిషిని, ఈసారి నేరుగా ఆయన్నే అడుగుతోంది. పైగా ఆయన ఊఁ అంటే పిల్లలకు మేలు జరిగేలా అడుగుతోంది. ఊఁ అంటే నిర్ణయం మళ్ళీ ఆయనే తీసుకున్నట్టు.

మామగారు నోరు తెరిచారు. మనవరాలి వైపు చూశారు. నోరు మూశారు. మళ్ళీ తెరిచారు.

“నాకు తెలియదమ్మా,” అన్నారు. “కమిటీని అడగండి.”

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో,” అంది అత్తగారు గదంతా వినబడేలా, “ఈయన నోట తెలియదన్న మాట ఇదే వినడం!”

గది గొల్లుమంది. మామగారు కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. మేడమ్ ఒక్కతే నవ్వలేదు. పిల్లల బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని, నలుగురి ఎదురుగా కూర్చుంది.

“సరే,” అంది. “మా షరతు కూడా అదే. కమిటీనే అడుగుతాను.”